దమ్ము ఒక్కరోజులో రాదు



పోలీసు కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే చాలు, నిజామాబాద్ పట్టణంలోని మైదానాలన్నీ తెల్లవారకముందే నిండిపోతాయి. బోధన్‌లోనూ అంతే. కాలేజీ గ్రౌండ్లలో, కాలువ కట్టల మీద, ఎడపల్లి రోడ్డు వెంట గుంపులు గుంపులుగా పిల్లలు ఉరుకుతుంటారు. పదిహేను, ఇరవై రోజులు గడిచేసరికి ఆ గుంపుల్లో సగం మంది కనిపించరు. ఒకరికి పిక్కలు పట్టేశాయంటారు. ఇంకొకరికి మోకాలి నొప్పి. మరొకరు "నాతోని కాదన్నా" అని ఊరికి వెళ్ళిపోయి ఉంటారు. వాళ్ళకు పట్టుదల లేదని పెద్దలు ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆ మాటతో తగువు పెట్టుకోవడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

మొదటి రోజు ఆ పిల్లల్ని చూసినవారెవరూ వారికి పట్టుదల లేదని అనలేరు. పళ్ళు బిగబట్టి, పిడికిళ్ళు బిగించి, వాంతి వచ్చేదాకా ఉరుకుతారు. ఇంకేం కావాలి? చిక్కంతా పట్టుదల అంటే అదేనని మనం అనుకోవడంలో ఉంది. సినిమాలో హీరో ఒక పాట అయిపోయేలోగా గుట్టలెక్కి, టైర్లు లాగి, పాట చివరికి గెలిచేస్తాడు. దూరం పరుగులో ఆ పాట ఆరు నెలలు నడుస్తుంది, పైగా చాలా నెమ్మదిగా నడుస్తుంది. ఇవాళ కొంచెం శక్తి మిగుల్చుకొని రేపు మళ్ళీ గ్రౌండ్‌కు రాగలగడమే అక్కడ పట్టుదల. వినడానికి చప్పగా ఉంటుంది కాని, చేసి చూస్తే ఇదే కష్టం.

ముందు కొంచెం లెక్క చూద్దాం. లెక్క తెలియక ఓడిపోయేవాళ్ళే మనలో ఎక్కువ.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు కానిస్టేబుల్ ఉద్యోగానికి మగవారు 5 కిలోమీటర్లను 25 నిమిషాల్లో పూర్తి చేయవలసి ఉండేది. 400 మీటర్ల ట్రాక్ మీద అది పన్నెండున్నర రౌండ్లు, అంటే రౌండుకు సరిగ్గా రెండు నిమిషాలు. తెలంగాణలో 2022లో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మగవారికి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవారికి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. మగవారి లెక్క నాలుగు రౌండ్లు, రౌండుకు 1 నిమిషం 48 సెకన్లు. ఆడవారిది రెండు రౌండ్లు, రౌండుకు 2 నిమిషాల 40 సెకన్లు. సైన్యం ర్యాలీల్లో 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగించిన వారికి పూర్తిగా 60 మార్కులు ఇస్తూ వచ్చారు. అది రౌండుకు 82 సెకన్ల పైచిలుకు. ఇది మాత్రం నిజంగా వేగమే.

ఇప్పుడు మన హాస్టల్ కుర్రవాడు ఒకడు 1600 మీటర్ల పరుగుకు వచ్చాడనుకుందాం. విజిల్ ఊదగానే అందరూ ముందుకు దూకుతారు. వాడూ దూకుతాడు. మొదటి రౌండు 80 సెకన్లలో అయిపోతుంది. అంటే వాడికి అవసరమైన దానికన్నా 28 సెకన్లు ముందే ఉన్నాడు. గట్టు మీద దోస్తులు చప్పట్లు కొడతారు. రెండో రౌండు సగం కాకముందే ఛాతీ ఎగిసిపడుతుంది, తొడలు బండరాళ్ళవుతాయి. మూడో రౌండులో నడక మొదలు పెడతాడు. ఆ రోజు వాడి శరీరం వాడికేం చేసింది?

కండరాలు పని చేయాలంటే ఇంధనం కావాలి, ఆ ఇంధనం సక్రమంగా మండడానికి ఆక్సిజన్ కావాలి. ఊపిరితిత్తులు ఎంత గాలి పీల్చినా, గుండె ఎంత రక్తం తోడినా, కండరాల లోపల ఆ ఆక్సిజన్‌ను వాడుకునే ఏర్పాటు సరిపోయినంత లేకపోతే శరీరం అడ్డదారి పడుతుంది. ఆక్సిజన్ అవసరం లేకుండా చక్కెరను గబగబా కరిగించి శక్తి పుట్టిస్తుంది. ఆ దారిలో శక్తి త్వరగా వస్తుంది, అంతే త్వరగా అయిపోతుంది. కండరంలో ఆమ్ల గుణం పెరుగుతుంది, ఆయాసం ముంచుకొస్తుంది. మన ఊళ్ళల్లో దీన్ని "దమ్ము లేదు" అంటారు. డాక్టర్లు పెద్ద పేర్లు పెట్టారు గాని, దమ్ము అనే మాటలోనే అంతా ఉంది.

బోధన్ ప్రాంతం వాళ్ళకు చక్కెర లెక్క ఒకరు చెప్పనక్కరలేదు. 1923 నుంచి 1931 వరకు మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. ఆ కాలువల నీళ్ళకు చెరకు పండింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద ఫ్యాక్టరీ అని మన తాతలు గర్వంగా చెప్పుకున్నారు. మన ఒంట్లోనూ అలాంటి చక్కెర గోదాము ఒకటుంది. అన్నం, రొట్టె, బెల్లం... ఏది తిన్నా అందులోని పిండిపదార్థం కొంత గ్లైకోజెన్ రూపంలో కండరాల్లోనూ కాలేయంలోనూ నిల్వ ఉంటుంది. మొత్తం కలిపి ఇంచుమించు అర కిలో. ఇదే కాక కొవ్వు అనే రెండో గోదాము ఉంది. ఎంత బక్కపలచని మనిషి ఒంట్లోనైనా అది కిలోల లెక్కన ఉంటుంది. వేగంగా ఉరికితే చక్కెర ఖర్చవుతుంది. నెమ్మదిగా ఉరికితే శరీరం ఎక్కువగా కొవ్వును వాడుకొని చక్కెరను పొదుపు చేస్తుంది. మారథాన్ పరుగు 42.195 కిలోమీటర్లు. నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్ళి, మళ్ళీ సగం దాకా వెనక్కి వస్తే ఇంచుమించు అంత దూరం. అందులో 30 కిలోమీటర్లు దాటాక చాలామంది గోడకు గుద్దుకున్నట్టు ఆగిపోవడానికి కారణం చక్కెర గోదాము ఖాళీ కావడమే.

అయితే ఈ ఏర్పాటును పెంచుకోవచ్చు. రోజూ నెమ్మదిగా ఉరుకుతూ పోతే మొదటి రెండు వారాల్లోనే రక్తంలోని ద్రవం పెరుగుతుంది, గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపడం మొదలు పెడుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కండరాల చుట్టూ కొత్త సన్నని రక్తనాళాలు అల్లుకుంటాయి. కణాల లోపల ఆక్సిజన్‌తో ఇంధనాన్ని మండించే మైటోకాండ్రియా అనే పొయ్యిలు పెరుగుతాయి. ఇక ఎముకలూ, కండరాన్ని ఎముకకు కట్టిపడేసే నరాల్లాంటి టెండన్లూ గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఇక్కడే అసలు మోసం ఉంది. దమ్ము ముందు వస్తుంది, కాళ్ళు వెనకాల వస్తాయి. మూడో వారంలో "నాకు ఇప్పుడు మస్తు దమ్ము వచ్చింది" అని ఒక్కసారి రౌండ్లు రెట్టింపు చేసిన కుర్రవాడికి నాలుగో వారంలో మోకాలి కింద ముందు ఎముక నొప్పి పట్టుకుంటుంది. దాన్నీ లెక్క చేయకుండా ఉరికితే ఎముకలో సన్నని చీలిక వస్తుంది. అప్పుడు రెండు మూడు నెలలు ఇంట్లోనే!

మన జిల్లా రైతు బిడ్డకు ఇది కొత్త కాదు. పసుపు ఎనిమిది, తొమ్మిది నెలలు భూమిలో ఉంటుంది. చెరకు ఏడాది పంట. నాటిన రెండో నెలలో పసుపు కొమ్మును పీకి, ఊరిందా లేదా అని చూసిన రైతు ఎవరైనా ఉన్నాడా? మన ఒంటి దగ్గరకు వచ్చేసరికి మాత్రం ప్రతి ఆదివారం పీకి చూస్తాం.

మరో సంగతి. ఉరికిన మర్నాడు వచ్చే నొప్పులకు లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడమే కారణమని మాకు చిన్నప్పుడు చెప్పేవారు. అది పాత మాట. ఆ లాక్టేట్ పరుగు ఆపిన గంటా గంటన్నరలో రక్తంలోంచి పోతుంది, పైగా శరీరం దాన్ని తిరిగి ఇంధనంగా వాడుకుంటుంది. మర్నాటి నొప్పి అలవాటు లేని పని వల్ల కండరంలో పడిన అతి సన్నని గాయాలది. అవి మానేటప్పుడే కండరం గట్టిపడుతుంది. అందుకే విశ్రాంతి రోజు ఎగ్గొట్టిన రోజు అవదు. అది కూడా అభ్యాసంలో భాగమే.

ఇదంతా తెలియక ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. వెనకటి 5 కిలోమీటర్ల పరుగులో ఎండకు కుప్పకూలినవారు, ప్రాణాలు పోగొట్టుకున్నవారు మన రాష్ట్రంలోనే ఉన్నారు. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ భర్తీకి 10 కిలోమీటర్ల పరుగు పెట్టినప్పుడు పది మందికి పైగా చనిపోయారు. వాళ్ళంతా మన వయసు పిల్లలే, మనలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవారే. "చచ్చినా ఆగను" అనే మాట గోడ మీద రాసుకోవడానికి బాగుంటుంది. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా, చెమట పట్టడం ఆగిపోయి ఒళ్ళు కాలిపోతున్నా ఆగిపోవాలి. జ్వరం ఉన్నప్పుడు అసలే ఉరకకూడదు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే ముందు డాక్టరుకు చూపించుకోవాలి. ఆగవలసిన చోట ఆగినవాడే మర్నాడు వస్తాడు.

ఇక పట్టుదల గురించి నాకు తెలిసిన వాటిలో అన్నింటికన్నా గట్టి ఉదాహరణ చెబుతాను. అది మన జిల్లాది కాదు. మంజీర పుట్టిన జిల్లాది. మన నిజాంసాగర్‌కు నీళ్ళు తెచ్చే మంజీర మహారాష్ట్రలో బీడ్ జిల్లా కొండల్లో పుడుతుంది. చెరకు నరికే కూలీలు ఏటా వేల కుటుంబాలుగా వలస పోయే జిల్లా అది. అక్కడ ఆష్టి తాలూకాలోని మాండ్వా అనే ఊరిలో 1994లో అవినాష్ సాబ్లే పుట్టాడు. తల్లిదండ్రులు ఇటుక బట్టీల్లో పని చేశారు. బడి ఆరేడు కిలోమీటర్ల దూరం. బస్సు లేక నడిచో, ఉరికో పోయేవాడు. పన్నెండో తరగతి అయ్యాక సైన్యంలో మహార్ రెజిమెంట్‌లో చేరాడు. సియాచిన్ మంచులోనూ, రాజస్థాన్ ఎడారిలోనూ పని చేశాడు. పోటీ పరుగులు మొదలు పెట్టింది ఆ తర్వాతే, ఇరవై ఏళ్ళు దాటాక. "మనకు వయసైపోయింది" అనే ఇంటర్ పిల్లలు ఇది గమనించాలి!

అతను ఎంచుకున్నది 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్. మామూలు పరుగు కాదది. మధ్యలో 28 అడ్డంకులు దాటాలి, 7 సార్లు నీళ్ళ గుంట దూకాలి. మన దేశంలో ఆ పరుగు రికార్డు 1981 నుంచి గోపాల్ సైనీ పేరు మీద ఉండేది. 2018లో భువనేశ్వర్‌లో సాబ్లే 8 నిమిషాల 29.80 సెకన్లలో ఉరికి దాన్ని బద్దలు కొట్టాడు. తర్వాత తన రికార్డును తానే మళ్ళీ మళ్ళీ తిరగరాశాడు. 2019లో దోహాలో 8 నిమిషాల 21.37 సెకన్లు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో 8 నిమిషాల 18.12 సెకన్లు. అక్కడ ఫైనల్‌కు వెళ్ళలేకపోయాడు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 8 నిమిషాల 11.20 సెకన్లతో వెండి పతకం. బంగారు పతకానికి తేడా సెకనులో ఇరవయ్యో వంతు! అంతకుముందు 1998 నుంచి ఆ పరుగులో మూడు పతకాలూ కెన్యావాళ్ళే పట్టుకుపోతుండేవారు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బంగారం. 2024 జులైలో పారిస్‌లో 8 నిమిషాల 9.91 సెకన్లు.

ఈ అంకెల్ని ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. 2018 నుంచి 2024 దాకా, ఆరేళ్ళలో అతను తగ్గించుకున్నది మొత్తం ఇరవై సెకన్లు. ఒక మనిషి ఆరేళ్ళు తెల్లవారుజామున లేచి, ఎత్తైన కొండ ప్రాంతాల్లో నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండి, ఇరవై సెకన్లు సంపాదించాడు. మనం నెల రోజుల్లో రెండు నిమిషాలు తగ్గలేదని దిగులు పడతాం. నాకైతే పతకాలకన్నా ఆ ఇరవై సెకన్లే గొప్పగా తోస్తాయి.

మన సాంఘిక సంక్షేమ కుటుంబంలోనూ ఇలాంటివారు లేకపోలేదు. అగసర నందిని నార్సింగి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అమ్మాయి. తండ్రి టీ అమ్మేవాడు. ఆమె పోటీ హెప్టాథ్లాన్, అంటే రెండు రోజుల్లో ఏడు అంశాలు. హర్డిల్స్, ఎత్తు దూకడం, గుండు విసరడం, 200 మీటర్లు, పొడవు దూకడం, ఈటె విసరడం... ఇవన్నీ అయ్యి ఒళ్ళు హూనమయ్యాక ఆఖరున 800 మీటర్ల పరుగు ఉంటుంది. అసలు పరీక్ష అదే. 2023 అక్టోబరు 1న హాంగ్‌జౌలో ఆమె ఆ 800 మీటర్లను 2 నిమిషాల 15.33 సెకన్లలో ఉరికింది. మొత్తం 5712 పాయింట్లతో కంచు పతకం వచ్చింది. నాలుగో స్థానంలో ఉన్న మన దేశం అమ్మాయికీ ఆమెకూ తేడా నాలుగే నాలుగు పాయింట్లు. 800 మీటర్లలో చెప్పాలంటే అది అర సెకను కూడా కాదు. తర్వాత 2025లో కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లో ఆమెకు బంగారు పతకం వచ్చింది.

మలావత్ పూర్ణ సంగతి మీకు తెలిసిందే. సిరికొండ మండలం పాకాల తండా నుంచి వచ్చి తాడ్వాయి గురుకులంలో చదువుకున్న పిల్ల 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి వయసు పదమూడేళ్ళ పదకొండు నెలలు. ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఆనంద్ కుమార్ ఆమెతో పాటు ఎక్కాడు. అందరికీ ఆ శిఖరం ఫోటో గుర్తుంటుంది. దాని వెనకాల భువనగిరి గుట్ట మీద మొదలై డార్జిలింగ్, లడఖ్‌ల దాకా సాగిన నెలల తరబడి అభ్యాసం అంతగా గుర్తుండదు. భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకున్న పిల్లలు నూరు మందికి పైగా ఉంటే, చివరికి మిగిలింది ఇద్దరు. ఆ తర్వాతా పూర్ణ ఆగలేదు. ఒక్కో ఖండంలో ఎత్తైన శిఖరాన్ని ఎక్కుతూ పోయి 2022 జూన్‌లో అమెరికా ఖండంలోని డెనాలీతో ఏడూ పూర్తి చేసింది. ఎవరెస్టు నుంచి డెనాలీ దాకా ఎనిమిదేళ్ళు! మన నిజామాబాద్ నిఖత్ జరీన్ కూడా మొదట కలెక్టరేట్ గ్రౌండ్‌లో పరుగు నేర్చుకున్న అమ్మాయే. బాక్సింగ్‌లోకి తర్వాత వచ్చింది. 2011లో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయిన ఆమె, మధ్యలో భుజం గాయంతో చాలా కాలం దూరమై, పెద్దల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయ్యేసరికి 2022 వచ్చింది.

ఆడపిల్లల హాస్టళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అబ్బాయిలు నాలుగున్నరకు గేటు దూకి అయినా గ్రౌండ్‌కు పోతారు. అమ్మాయిలకు గేటు ఆరు గంటలకు గాని తెరుచుకోదు, రోడ్డు మీద ఒంటరిగా ఉరికితే వెకిలి మాటలు తప్పవు. ఇది చెల్లెళ్ళ పట్టుదలకు సంబంధించిన విషయం కాదు, మన అందరి సిగ్గుకు సంబంధించినది. ఆరేడుగురు కలిసి ఉరకడం, హాస్టల్ ప్రాంగణంలోనే రౌండు ఏర్పాటు చేసుకోవడం ప్రస్తుతానికి దారి. నాసిక్ జిల్లా సావర్‌పాడ అనే గిరిజన పల్లెలో పుట్టిన కవితా రౌత్ అడవి దారుల్లో చెప్పులు లేకుండా ఉరికి, 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 10,000 మీటర్లలో కంచు పతకం తెచ్చింది. ఇంకో ముఖ్యమైన సంగతి రక్తహీనత. మన రాష్ట్రంలో సగం మందికి పైగా ఆడవారికి రక్తం తక్కువని ప్రభుత్వ సర్వేలే చెబుతున్నాయి. ఆక్సిజన్‌ను మోసేది రక్తంలోని హిమోగ్లోబినే కాబట్టి, రక్తం తక్కువున్న అమ్మాయి ఎంత అభ్యాసం చేసినా దమ్ము రాదు. "నాకు చేతకాదు" అనుకునే ముందు పి.హెచ్.సి.లో రక్త పరీక్ష చేయించుకోండి. బడిలో ఇచ్చే ఐరన్ మాత్రల్ని కిటికీలోంచి బయట పడేయకండి! నెలసరి రోజుల్లో ఉరకకూడదనే నియమమేమీ లేదు. ఒళ్ళు సహకరిస్తే ఉరకవచ్చు, లేకపోతే నడవవచ్చు.

ఇక మొదలు పెట్టడం ఎలా? నోటిఫికేషన్ కోసం చూడవద్దు. అది వచ్చాక దొరికే రోజులు శరీరానికి చాలవు. మొదటి రెండు వారాలు ఒక నిమిషం ఉరకడం, రెండు నిమిషాలు నడవడం, ఇలా పదిసార్లు. వారానికి నాలుగు రోజులు చాలు. పక్కవాడితో మాట్లాడుతూ ఉరకగలగాలి. మాట తెగిపోతుంటే మీరు ఎక్కువ వేగంగా పోతున్నారని అర్థం. ఖర్చు లేని స్టాప్‌వాచ్ ఇది. తర్వాత వారం వారం పరుగు పెంచుతూ, నడక తగ్గిస్తూ పదో వారానికి అరగంట ఆగకుండా ఉరికేలా చూసుకోవాలి. వారానికి పదో వంతు మించి దూరం పెంచకూడదని చాలామంది చెబుతారు. అది శాస్త్రం తేల్చిన సూత్రమేమీ కాదు గాని, మన అత్యాశకు మంచి కళ్ళెం. అరగంట వచ్చాకే వారానికి ఒక రోజు వేగం రౌండ్లు కొట్టాలి. అప్పుడు పైన చెప్పిన రౌండు లెక్క పనికొస్తుంది. రౌండుకు 1 నిమిషం 48 సెకన్లు కావాలంటే మొదటి రౌండూ అంతే, చివరి రౌండూ అంతే. మొదటి రౌండులో అందరూ మిమ్మల్ని దాటిపోతారు. పోనివ్వండి. మూడో రౌండులో వాళ్ళందరూ మళ్ళీ కనిపిస్తారు.

బూట్ల విషయంలో దిగులు వద్దు. ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా 1960లో రోమ్ ఒలింపిక్ మారథాన్‌ను వట్టి కాళ్ళతో గెలిచాడు. అదే మనిషి 1964లో టోక్యోలో బూట్లు వేసుకొని మళ్ళీ గెలిచాడు. మన దేశం వాడే శివనాథ్ సింగ్ కూడా వట్టి కాళ్ళతో పరిగెత్తి పేరు తెచ్చుకున్నాడు. 1978లో జలంధర్‌లో అతను 2 గంటల 12 నిమిషాల్లో పూర్తి చేసిన మారథాన్ దశాబ్దాల పాటు జాతీయ రికార్డుగా నిలిచింది. కాలువ కట్ట మెత్తగా ఉంటుంది కాబట్టి వట్టి కాళ్ళు పనికొస్తాయి. తారు రోడ్డు మీద గాజు పెంకులుంటాయి, అక్కడ మాత్రం ఏవో ఒక బూట్లు ఉండాలి.

తిండి సంగతి కూడా అంతే. పౌడర్ డబ్బాలు అక్కరలేదు. హాస్టల్ పప్పు, గుడ్డు, అన్నం, దానికి తోడు గుప్పెడు పల్లీలు, బెల్లం ముక్క, అరటి పండు ఉంటే చాలు. కడుపు నిండా తిన్నాక రెండు మూడు గంటల దాకా ఉరకవద్దు, డొక్కలో పోటు వస్తుంది. ఈవెంట్స్ ముందు "ఇది వేసుకుంటే ఎగిరిపోతావ్" అని ఎవరో ఇచ్చే ఇంజక్షన్లు, మాత్రలు ముట్టుకోకండి. ఉగాది దాటిందంటే మన జిల్లా ఎండ సంగతి తెలుసు కదా, మేలో 45 డిగ్రీలు కూడా చూస్తాం. ఆ రెండు నెలలు ఆరు గంటలకల్లా పరుగు ముగించి, ఉప్పు వేసిన మజ్జిగ తాగాలి.

పరుగు వల్ల చదువు బాగా వస్తుందా అని అడుగుతారు. ఉరికినంత మాత్రాన లెక్కలు రావు. లెక్కలు చేస్తేనే వస్తాయి. కాని పదో వారంలో ఒక కుర్రవాడికి ఒకటి అర్థమవుతుంది. మొదటి రోజు ఒక్క రౌండుకే ఆయాసపడ్డ వాడు ఇప్పుడు అరగంట ఉరుకుతున్నాడు. మధ్యలో ఏ ఒక్క రోజూ పెద్ద తేడా కనిపించలేదు. అయినా తేడా వచ్చింది. ఇంగ్లీషు గ్రామర్ పుస్తకం ముందు కూర్చున్నప్పుడు ఈ అనుభవం వాడికి పనికొస్తుందని నా నమ్మకం. ఇవాళ ఏమీ ఎక్కలేదనిపించినా పుస్తకం మూసేయడు.

ఇంకొక నిజం కూడా చెప్పుకోవాలి. 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎన్ని ఇళ్ళల్లో జీతం ఆగిపోయిందో మనకు తెలుసు. చెరకు వేసిన రైతులు వరికి మళ్ళారు, అమ్మలు బీడీలు చుట్టారు, బాపులు గల్ఫ్‌కు పోయారు. ఎంత పట్టుదలగా ఉరికినా పది పోస్టులు ఇరవై కావు. వంద మంది ఉరికితే ఉద్యోగం కొందరికే వస్తుంది. రానివాడు పట్టుదల లేనివాడని ఎవరైనా అంటే నమ్మకండి. ఉద్యోగాల లెక్క ప్రభుత్వాన్ని అడగాలి. దమ్ము లెక్క మాత్రం మన చేతిలో ఉంది.

చివరగా, గ్రౌండ్ దూరమని ఆగిపోవద్దు. హాస్టల్ వెనక ఖాళీ స్థలంలో 200 మీటర్ల రౌండు గీయవచ్చు. అరవై మీటర్ల పొడవు, నలభై మీటర్ల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం చుట్టుకొలత సరిగ్గా 200 మీటర్లు. మూలలు కొంచెం గుండ్రంగా తిప్పితే మీటర్లు కొన్ని తగ్గుతాయి, అంతే. ఇరవై మీటర్ల తాడు ఒకటి, సున్నం సంచి ఒకటి, నలుగురు పిల్లలు ఉంటే గంట పని. ఎనిమిది రౌండ్లు కొడితే 1600 మీటర్లు. తాడు, సున్నం, ఒక చేతి గడియారం, గోడకు తగిలించే నోటు పుస్తకం... ఈ నాలుగింటికీ అయ్యే ఖర్చు పూర్వ విద్యార్థులం మేము పెట్టుకోగలం, వార్డెన్ సార్‌తో మాట్లాడి మొదలు పెట్టండి. పుస్తకంలో తేదీ, పేరు, ఎన్ని రౌండ్లు, ఎంతసేపు, అంతే రాయాలి. రాని రోజు కూడా "రాలేదు" అని రాయాలి. వర్షం పడ్డప్పుడల్లా సున్నం గీత కొట్టుకుపోతుంది. మళ్ళీ ఎవరు గీయాలో ముందే వంతులు వేసుకోండి. లేకపోతే జులై వానలకే మీ ట్రాక్ మాయమవుతుంది.